డెల్టా ఎండలో వానపాముల పెట్టె

గోదావరి డెల్టా పల్లెల్లో వంటింటి తొక్కలు, తొడిమలు ఎక్కడ పారేయాలన్న ప్రశ్న ఒకప్పుడు తలెత్తేదే కాదు. కడుగునీళ్లు, గంజి, కూరగాయల చెక్కు కుడితి తొట్టిలో కలిసి గేదెల కడుపులోకి పోగా, అవి ముట్టనివి దొడ్డిలోని పెంటకుప్ప మీదికి చేరి, తొలకరికి ముందు ఎడ్లబండ్ల మీద వరిచేలకు తరలిపోయేవి. రాజమహేంద్రవరం, కాకినాడ, భీమవరం, అమలాపురం వంటి పట్టణాల్లో దొడ్డి ఉన్న పెంకుటిళ్ల స్థానంలో అపార్ట్‌మెంట్లు లేచిన కొద్దీ వంటింటికీ పొలానికీ మధ్య ఉన్న ఈ దారి తెగిపోయింది. అదే తొక్క, అదే తొడిమ ఇప్పుడు పాలిథిన్ సంచిలో గాలాడక కుళ్లి, చెత్తబండి వచ్చే వేళకే కంపు కొడుతున్నాయి. తెగిన ఆ దారిని నాలుగో అంతస్తులోని వాష్ ఏరియాలో, రెండడుగుల జాగాలో తిరిగి కలపగల సాధనం వానపాముల పెట్టె. దాని గురించి ప్రచారంలో ఉన్న సూచనల్లో చాలా భాగం చలిదేశాల్లో పుట్టినవి కాబట్టి, వాటిని ఉన్నవి ఉన్నట్టు పాటిస్తే డెల్టాలో ఆ పెట్టె రోహిణి కార్తె దాటడం కష్టం. ఇక్కడి ఎండకు, ఇక్కడి తేమకు, ఇక్కడ దొరికే సరుకుకు తగిన పద్ధతిని విడిగా ఆలోచించుకోవలసి ఉంటుంది.

వానపాముల సాయంతో మొక్కల, పశువుల వ్యర్థాన్ని ఎరువుగా మార్చే పద్ధతికి వర్మీ కంపోస్టు అని పేరు. ఇందులో వానపాము చేసే పని ఎంతో, దానికి ముందు కంటికి కనపడని సూక్ష్మజీవులు చేసే పని ఎంతో తెలుసుకుంటే పెట్టె నిర్వహణ సగం అర్థమైనట్టే. వానపాముకు పళ్లు లేవు. పచ్చి వంకాయ తొడిమను అది కొరకలేదు. ముందుగా బ్యాక్టీరియా, బూజులు ఆ తొడిమ మీద చేరి మెత్తబరుస్తాయి. మెత్తబడిన పదార్థాన్ని, దాని మీద పెరిగిన సూక్ష్మజీవులతో సహా వానపాము మింగుతుంది. లోపల కండరాలతో చేసిన ఒక సంచిలో ఇసుక రేణువుల సాయంతో అది నలిగి, పేగులో మరికొంత జీర్ణమై, నల్లని చిన్న గుళికలుగా బయటపడుతుంది. ఆ గుళికలే ఎరువు. మామూలు కంపోస్టు కుప్ప లోపల 55 నుంచి 60 డిగ్రీల వేడి పుట్టి కలుపు గింజలు, రోగక్రిములు చాలావరకు చస్తాయి; అంత వేడిలో వానపాము బతకదు కాబట్టి ఈ పెట్టెను లోతు తక్కువగా ఉంచి, వేడెక్కనీయకుండా చూడాలి. వర్మీ ఎరువు వేసిన కుండీల్లో టమాటా, గుమ్మడి మొలకలు వాటంతట అవే లేవడానికి కారణం గింజలను చంపే ఆ వేడి ఇందులో లేకపోవడమే.

ఇంట్లో వానపాములను పెంచడం కొత్త సంగతి కాదు. చార్లెస్ డార్విన్ మరణానికి ముందు సంవత్సరం, 1881లో వెలువరించిన చివరి గ్రంథం వానపాముల మీదే. అందుకోసం ఆయన మట్టి నింపిన కుండీల్లో వాటిని తన ఇంట్లోనే ఉంచి, వెలుగుకూ, వాసనకూ, చప్పుడుకూ అవి ఎలా స్పందిస్తాయో గమనించాడు. పక్కన పియానో వాయించినా కదలని ప్రాణులు, కుండీని పియానో మీదే పెట్టి ఒక మెట్టు నొక్కగానే అదురు తగిలి బొరియల్లోకి దూరిపోయాయి. కలకత్తా వృక్షోద్యానం నుంచి జాన్ స్కాట్ పంపిన సమాచారం ఆధారంగా, బెంగాల్ నేలలో వానపాములు గోపురాకారంలో పోగుచేసే మట్టిని కూడా ఆయన ఆ గ్రంథంలో వర్ణించాడు. వంటింటి వ్యర్థం కోసమే పెట్టెలో వానపాములను పెంచే పద్ధతిని ప్రపంచమంతా వ్యాపింపజేసిన వ్యక్తి అమెరికాలోని మిషిగన్ రాష్ట్రానికి చెందిన మేరీ ఆపెల్‌హాఫ్. ఆమె 1982లో ప్రచురించిన 'వర్మ్స్ ఈట్ మై గార్బేజ్' అనే పుస్తకం నేటికీ ఈ విషయంలో మొదటి పాఠ్యగ్రంథం. మిషిగన్‌లో ఆరు నెలలు చలి. అక్కడి పెట్టె ఇంట్లోకి రావడానికి కారణం మంచు. ఇక్కడి పెట్టె ఇంట్లో ఉండవలసింది ఎండను తప్పించుకోవడానికి. మూత బిగించి వెచ్చగా ఉంచమనే సలహా అక్కడ ప్రాణం నిలుపుతుంది, ఇక్కడ ప్రాణం తీస్తుంది.

దీనికి కారణం వానపాము చర్మంలో ఉంది. ఊపిరితిత్తులు లేని ఈ ప్రాణి ఒళ్లంతటితోనూ ఊపిరి తీసుకుంటుంది. గాలిలోని ఆమ్లజని దాని చర్మం మీది తడిలో కరిగి, అక్కడి నుంచి నేరుగా రక్తంలోకి పోతుంది. చర్మం ఆరితే ఊపిరి ఆగుతుంది. మరోవైపు, పెట్టె అడుగున నీరు నిలిచి గాలి సందులు మూసుకుపోతే, ఉన్న ఆమ్లజనిని సూక్ష్మజీవులే వాడేసి వానపాముకు మిగల్చవు. వేడి పెరిగినప్పుడు ఈ కష్టం రెండింతలవుతుంది: వెచ్చని నీటిలో ఆమ్లజని తక్కువగా కరుగుతుంది, అదే సమయంలో సూక్ష్మజీవుల వాడకమూ వానపాము అవసరమూ పెరుగుతాయి. అందువల్ల తేమ, గాలి, చల్లదనం అనే మూడూ వేర్వేరు జాగ్రత్తలుగా కనిపించినా, నిజానికి అవి ఒక తడి చర్మం అడిగే ఒకే అవసరానికి మూడు ముఖాలు. 20 నుంచి 28 డిగ్రీల మధ్య పెట్టె చక్కగా సాగుతుంది. 35 దాటితే పెట్టెలో పెంచే వానపాముల్లో ఏ జాతికైనా ప్రాణాపాయమే. మే నెలలో రాజమహేంద్రవరం ఎండ 40 డిగ్రీలు దాటడం ఏటా జరిగేదే, 45 దాటిన రోజులూ ఉన్నాయి.

జాతుల విషయంలో ఒక పొరపాటు తరచు జరుగుతుంది. కాలవ గట్టు మీద గాలానికి గుచ్చడానికి తవ్వే ఎర్రలనే తెచ్చి పెట్టెలో వేస్తే సరిపోతుందని అనుకుంటారు. అవి నేలలో బొరియలు చేసుకొని మట్టి తిని బతికే జాతులు. మట్టి లేని, జానెడు లోతు పెట్టెలో అవి నిలవవు. పెట్టెకు కావలసినవి నేల పైపొరలో, కుళ్లుతున్న ఆకుల మధ్య, పాత పేడ కుప్పల్లో బతికే జాతులు. దేశంలో అమ్మకానికి దొరికేవి ప్రధానంగా మూడు. ఐసీనియా ఫెటిడా ఐరోపా నుంచి వచ్చినది. ఒంటి మీద ఎరుపు, పసుపు వలయాలు ఒకదాని పక్కన ఒకటి ఉండటం దాని గుర్తు. ఓర్పు ఎక్కువ, చేతితో ఎత్తినా, మేత మారినా తట్టుకుంటుంది. యూడ్రిలస్ యూజీనియే పశ్చిమాఫ్రికాది. జానెడు పొడవు పెరిగి, ఊదారంగు మెరుపుతో ఉంటుంది. వెచ్చని ప్రాంతాల్లో వేగంగా తిని వేగంగా పెరుగుతుంది, చలికి మాత్రం ఆగదు. మూడోది పెరియోనిక్స్ ఎక్స్‌కవేటస్, ఈ దేశపుదే. సన్నగా, నీలి మెరుపుతో, ముట్టుకోగానే గిలగిలా కొట్టుకునే స్వభావంతో ఉంటుంది. విదేశీ జాతులకు బదులు మన నేల జాతులనే వాడాలని చెన్నైలోని న్యూ కాలేజీలో పనిచేసిన శాస్త్రవేత్త సుల్తాన్ అహ్మద్ ఇస్మాయిల్ దశాబ్దాలుగా చెబుతూ వచ్చారు. బెంగళూరు వ్యవసాయ విశ్వవిద్యాలయంలో రాధా కాలే చేసిన పరిశోధన యూడ్రిలస్‌ను దక్షిణాది రైతుల దగ్గరికి చేర్చింది. పెరియోనిక్స్‌కు వాన ముసురు పట్టగానే గుంపుగా పెట్టె వదిలి పాకిపోయే అలవాటు ఉంది. గచ్చు నేల మీద తెల్లవారేసరికి వందలాది వానపాములు కనిపిస్తే ఇంటిల్లిపాదీ బెదిరిపోతారు కాబట్టి, అపార్ట్‌మెంటులో తొలిసారి మొదలుపెట్టేవారికి ఐసీనియా గానీ, ఐసీనియా, యూడ్రిలస్ కలిసిన మిశ్రమం గానీ అనుకూలం.

పెట్టె దేనితో చేసినదన్నది ఈ ప్రాంతంలో చాలా ముఖ్యం. మార్కెట్లో దొరికే ప్లాస్టిక్ పెట్టెలు తేలిక, శుభ్రం చేయడమూ సులువే, కానీ వాటి గోడల గుండా గాలీ నీరూ పోవు. కుమ్మరి చేసిన, లోపలా బయటా పూత వేయని వెడల్పాటి మట్టి తొట్టి ఆ విషయంలో మేలు. దాని గోడల నుంచి తేమ బయటికి ఊరి ఆవిరవుతూ లోపలి వేడిని తీసుకుపోతుంది. ఆవిరి ఎంత వేగంగా జరుగుతుందన్నది గాలి పొడిగా ఉండటం మీద ఆధారపడుతుంది. మే నెలలో పడమటి గాడ్పు వీచే రాజమహేంద్రవరం, కొవ్వూరు వైపు గాలి బాగా పొడిగా ఉంటుంది కాబట్టి, అత్యవసరమైన రోజుల్లోనే మట్టి తొట్టి అత్యంత సమర్థంగా చల్లబడుతుంది. సముద్రపు గాలి తగిలే నరసాపురం, కాకినాడల్లో అదే తొట్టి అంతగా చల్లబడదు. అయితే అక్కడ ఎండ తీవ్రతా కొంత తక్కువే. బెంగళూరులో పూనమ్ బీర్ కస్తూరి 2006లో ప్రారంభించిన డైలీ డంప్ సంస్థ ఒకదాని మీద ఒకటి పేర్చే మట్టి కుండలతో ఇంటి కంపోస్టును నగరవాసులకు అలవాటు చేసింది. వానపాములతో నిమిత్తం లేని పద్ధతి అయినా, మట్టి గోడ ఊపిరి తీసుకుంటుందన్న సూత్రం దానిలోనూ ఉంది. ఏ తొట్టి అయినా అడుగు లోతు మించకూడదు. అడుగున నాలుగైదు రంధ్రాలు, కింద ఒక పళ్లెం ఉండాలి. వెలుగంటే వానపాములకు సరిపడదు కాబట్టి మూతగా గోనె సంచి చాలు.

లోపల పరిచే పడక విషయంలో డెల్టాకు ఉన్న అదృష్టం చాలా ప్రాంతాలకు లేదు. కోనసీమలో కొబ్బరి డొక్కల నుంచి పీచు తీసినప్పుడు మిగిలే పొట్టు తన బరువుకు అనేక రెట్లు నీరు పట్టి ఉంచుతూనే రేణువుల మధ్య గాలికి చోటు మిగులుస్తుంది. తడి చర్మానికి కావలసిన రెండూ ఒకే పదార్థంలో దొరకడం అరుదు. కడియం నర్సరీల్లో మొక్కలు పెంచేవారికి ఈ పొట్టు బాగా పరిచితమే, అక్కడి నుంచి చిన్న సంచి తెచ్చుకోవడం కష్టమేమీ కాదు. దీనిలో రెండు లోపాలున్నాయి. తీరం దగ్గరి డొక్కల్లో, ఉప్పునీటిలో నానబెట్టిన డొక్కల్లో ఉప్పు ఎక్కువ. ఉప్పు వానపాము ఒంట్లోని నీటిని లాగేస్తుంది. పచ్చి పొట్టులో ఉండే టానిన్లు, అంటే తొక్కలకు వగరునిచ్చే పదార్థాలు, సూక్ష్మజీవులను అడ్డుకుంటాయి. అందువల్ల పొట్టును బకెట్లో ముంచి, రాత్రంతా ఉంచి, ముదురు టీ రంగులో దిగిన నీటిని ఒంపేసి, ఆ రంగు పలచబడేదాకా మూడు నాలుగు సార్లు కడగాలి. కడిగి పిండిన పొట్టు మూడు వంతులు, పదిహేను ఇరవై రోజులు మాగి వేడి చల్లారిన ఆవు లేదా గేదె పేడ ఒక వంతు, చింపిన వార్తాపత్రిక ముక్కలు కొన్ని కలిపి జానెడు మందాన పరిస్తే పడక సిద్ధమవుతుంది. పచ్చిపేడ వేయకూడదు, అది పులిసి వేడెక్కుతుంది, దానిలోని అమ్మోనియా ఘాటు వానపాములను చంపుతుంది. కుళాయి నీటిలో క్లోరిన్ వాసన తెలుస్తుంటే ఒక రాత్రి బకెట్లో నిలవ ఉంచి వాడాలి. పడకను గుప్పిట పట్టి గట్టిగా పిండినప్పుడు వేళ్ల సందుల్లో ఒకటి రెండు చుక్కలు కనిపించడం సరైన తడికి గుర్తు.

మేత లెక్క తెలియక పాడయ్యే పెట్టెలే ఎక్కువ. ఇది చెత్తబుట్ట కాదు, పశువులపాక. పాకలో ఎన్ని గేదెలున్నాయో చూసుకొని మేత వేసినట్టే, ఎన్ని వానపాములున్నాయో చూసుకొని తొక్కలు వేయాలి. అన్నీ అనుకూలించినప్పుడు వానపాము రోజుకు తన బరువులో సగం దాకా తింటుంది. అర కిలో వానపాములతో మొదలుపెట్టిన పెట్టె పావు కిలో మేతకు మించి తట్టుకోలేదు, మొదటి రెండు వారాలు అందులోనూ సగమే వేయాలి. పైగా కూరగాయల తొక్కల్లో 85 నుంచి 90 శాతం నీరే. పావు కిలో తొక్క వేయడమంటే గ్లాసుడు నీళ్లు పోయడమే. పొడి వాతావరణంలో ఆ నీరు ఆవిరై పోతుంది. శ్రావణ భాద్రపదాల్లో డెల్టా గాలి దాన్ని తీసుకోదు. ఆ రోజుల్లో పెట్టెకు విడిగా నీళ్లు చల్లవలసిన పనే ఉండదు, వేసిన తొక్కలంత పరిమాణంలో పొడి పొట్టునో కాగితం ముక్కలనో కలపడమే మందు. నీళ్లు చల్లమని పుస్తకం చెప్పినందుకు రోజూ చల్లితే ఆగస్టులో పెట్టె మునిగిపోతుంది.

ఏం వేయవచ్చన్నదానికి గోదావరి వంటిల్లు చక్కని జాబితానే ఇస్తుంది: అరటి తొక్కలు, సొరకాయ, బీరకాయ చెక్కు, తోటకూర కాడలు, వాడిన టీపొడి, కాఫీ పిప్పి, పూజలో వాడిన బంతి, చామంతి రేకులు, చిన్న ముక్కలుగా చింపిన అరటాకు. గుడ్డు పెంకులను ఎండబెట్టి పొడి చేసి వారానికొక చెంచా చల్లితే పులుపు విరుగుతుంది, వానపాముకు లోపల రుబ్బుకోవడానికి గరుకూ దొరుకుతుంది. నిమ్మ, బత్తాయి తొక్కలు, చింతపండు పిప్పి పులుపు వల్ల పనికిరావు. ఆవకాయ ముద్ద, వేపుడు, ఎండుచేప వంటివి ఉప్పూ నూనే కాబట్టి పూర్తిగా నిషిద్ధం. నూనె చర్మాన్ని కప్పి ఊపిరి ఆడనివ్వదు. పులస ముళ్లు, రొయ్యల పొట్టు, మాంసపు వ్యర్థం ఏదైనా కుళ్లి ఈగలను పిలుస్తాయి. అన్నం కొద్దిగా వేయవచ్చు, ముద్దగా వేస్తే పులుస్తుంది. మామిడి కాలం మాత్రం ప్రత్యేకం. కొత్తపల్లి కొబ్బరి, బంగినపల్లి తొక్కల్లో చక్కెర ఎక్కువ, అది పులిసి పెట్టెను వేడెక్కిస్తుంది, పండు ఈగలు ముసురుకుంటాయి. అసలే ఎండకు కొట్టుమిట్టాడే వానపాముల మీద ఇది మరో దెబ్బ. ఆ తొక్కలను ఒక పూట ఎండలో వాడ్చి, కొద్దికొద్దిగా, పడక లోపలికి పూడ్చి వేయాలి. టెంకలు వేయడంలో అర్థం లేదు.

చక్కగా నడిచే పెట్టె దగ్గర తొలకరి వాన పడ్డ మట్టి వాసన వస్తుంది. ఆ వాసనకు మూలమైన జియోస్మిన్ అనే పదార్థాన్ని తయారుచేసే సూక్ష్మజీవులు రెండు చోట్లా అవే. కంపు వస్తున్నదంటే మేత ఎక్కువై గాలి ఆడడం లేదని అర్థం. వారం రోజులు మేత ఆపి, పడకను వేళ్లతో గుల్లచేసి, పొడి పొట్టు కలిపితే కుదురుకుంటుంది. చీమలు పట్టాయంటే పడక ఆరిందని సూచన. తొట్టి కింద ఇటుకలు పెట్టి, వాటిని నీళ్ల పళ్లేల్లో నిలపడం ఇళ్లలో అనాదిగా ఉన్న ఉపాయమే. మేతను ఎప్పుడూ పైన పరచక ఒక మూల పూడ్చి, మీద రెండు వేళ్ల మందాన పొట్టు కప్పితే ఈగల బెడద దాదాపు ఉండదు. పురుగుల మందు చల్లిన గదిలోనూ, చీమల మందు గీసిన గట్టు మీదా పెట్టెను ఉంచరాదు. సంక్రాంతికి ఊరు వెళ్లేవారు బెంగపడనక్కరలేదు. పడక తడిగా ఉంటే రెండు మూడు వారాలు కొత్త మేత లేకున్నా వానపాములు పడకనే తింటూ బతుకుతాయి.

వేసవికి ముందుగానే సిద్ధపడాలి. ఏప్రిల్ మొదట్లో పెట్టెను పడమటి ఎండ తగిలే బాల్కనీ నుంచి తీసి, వంటింటి గట్టు కిందకో ఉత్తరపు వరండాలోకో మార్చాలి. మేతను మూడో వంతుకు తగ్గించాలి, ఎందుకంటే పులిసే ప్రతి తొక్కా తనవంతు వేడిని చేర్చుతుంది. గోనె మూతను పొద్దున్నా సాయంత్రమూ తడపాలి. గాడ్పు రోజుల్లో నీళ్లు నింపి గడ్డకట్టించిన అర లీటరు సీసాను పడక మీద ఒక పక్క ఉంచితే, వానపాములు తమకు కావలసినంత చల్లదనం దగ్గరికి తామే జరుగుతాయి. అవి ఒకే మూల ముద్దగా చేరడం, గోడలెక్కడం, రంగు పాలిపోవడం కనిపించిన రోజే వేలు పెట్టి వేడి చూడాలి, మర్నాటికి ఆలస్యమవుతుంది.

60 నుంచి 75 రోజుల్లో పడక నల్లబడి, టీపొడిలాంటి గుళికలతో నిండుతుంది. మేత ఆపి వారం ఆగి, వెలుతురు ఉన్న చోట ఒక పాత షీటు మీద దాన్ని శంకువు ఆకారంలో పోస్తే, వెలుగు గిట్టని వానపాములు లోపలికి, కిందికి దిగుతాయి. పైపొరను చేతితో తీసి పది నిమిషాలు ఆగడం, మళ్లీ తీయడం, ఇలా నాలుగైదు సార్లు చేసేసరికి చివర వానపాముల ముద్ద మిగులుతుంది. ఎరువులో నిమ్మగింజ ఆకారంలో, దానికంటే బాగా చిన్నవిగా, పసుపు రంగులో కనిపించేవి గుడ్ల తిత్తులు. వాటిని ఏరి కొత్త పడకలో వేయాలి. పళ్లెంలోకి కారిన నల్లని నీటిని వర్మీవాష్ అనే పోషక ద్రవంగా భావించి మొక్కలకు పిచికారీ చేయడం సరికాదు. అది సగం కుళ్లిన పదార్థం మీదుగా దిగిన నీరు, పది రెట్లు మంచినీళ్లు కలిపి పూల కుండీల మొదట్లో మాత్రమే పోయాలి. ఎరువును కుండీ మట్టిలో ఐదో వంతు కలిపితే చాలు. అమెరికాలోని ఒహైయో స్టేట్ విశ్వవిద్యాలయంలో క్లైవ్ ఎడ్వర్డ్స్ బృందం చేసిన ప్రయోగాల్లో కూడా, కొద్ది పాళ్లలో కలిపినప్పుడు మొక్కలు బాగా పెరిగి, మోతాదు మరీ పెంచితే ఎదుగుదల తగ్గడం కనిపించింది. కనకాంబరం, మల్లె, కరివేపాకు కుండీలకు రెండు నెలలకొక గుప్పెడు సరిపోతుంది.

వానపాముల ఎరువు మీద ఒక అభ్యంతరం ఆంధ్రప్రదేశ్‌లో గట్టిగానే వినిపించింది. ప్రకృతి వ్యవసాయ ప్రచారకుడు సుభాష్ పాలేకర్ ఐసీనియాను అసలు వానపామే కాదన్నారు, అది విషపూరిత లోహాలను పోగుచేస్తుందనీ చెప్పారు. జీవశాస్త్రం ప్రకారం అది వానపామే. కాకపోతే నేలను లోతుగా తొలిచి గుల్లచేసే జాతి కాదు, అంతవరకు ఆ విమర్శలో నిజం ఉంది. లోహాల సంగతికొస్తే, వానపాములు తాము తినేదానిలోని లోహాలను ఒంట్లో నిలవ చేసుకునే మాట వాస్తవమే గానీ వాటిని కొత్తగా సృష్టించవు. బ్యాటరీలు, బల్బులు, మెరుపు కాగితాలు కలిసిన ఊరి చెత్తకు ఈ హెచ్చరిక వర్తిస్తుంది, చేతితో వేరు చేసిన వంటింటి తొక్కలకు వర్తించదు. 2016 నాటి ఘన వ్యర్థాల నిర్వహణ నియమాలు తడి, పొడి, ప్రమాదకర చెత్తలను ఇంటి దగ్గరే వేరు చేయాలని నిర్దేశించాయి. పంచాయతీల్లో కట్టిన చెత్త నుంచి సంపద తయారీ కేంద్రాల్లో వర్మీ తొట్టెలు సరిగా నడవాలన్నా ఆ వేర్పాటే మొదటి మెట్టు. మిగతా చెత్త కలిశాక ఏ వానపామూ దాన్ని బాగుచేయలేదు, అందుకే వేర్పాటు ఇంట్లో జరగడం ఇంత ముఖ్యం.

మొదలుపెట్టడానికి ఈ ప్రాంతంలో తగిన కాలం కార్తీక మాసం. అప్పటికి వానలు వెనుకబట్టి, గాలిలో తేమ తగ్గి, ఎండ నెమ్మదిస్తుంది. ఐసీనియా గుడ్డు తిత్తి సుమారు మూడు వారాల్లో చిట్లి, రెండు మూడు పిల్లలు బయటికి వస్తాయి, అవి ఆరు నుంచి ఎనిమిది వారాల్లో ఈడుకు వస్తాయి. కార్తీకంలో వేసిన వానపాముల తొలి సంతానం మాఘం నాటికి తానే తిత్తులు పెట్టే స్థితికి చేరుతుంది కాబట్టి, గాడ్పులు మొదలయ్యేసరికి పెట్టెలో ఆ ఇంటి మేతకు, ఆ ఇంటి నీటికి అలవాటుపడిన తరం ఒకటి ఎదిగి ఉంటుంది. మే నెలలో కొని తెచ్చిన వానపాములకు ఆ వ్యవధి దొరకదు.